బ్రౌజర్ అప్‌డేటు తరువాత డిజిటల్ సంతకం ఆగిపోయింది: ముందుగా ఒక్క మాట చెప్పనక్కరలేదా?

గవర్నర్‌పేట బిడ్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడ గవర్నర్‌పేటలో పదకొండేళ్లుగా ఒక చిన్న కార్యాలయం నడుపుతున్నాను. రోడ్లు, డ్రైన్లు, బడి ప్రహరీ గోడల వంటి పనులు చేసే చిన్న కాంట్రాక్టర్లకు టెండరు కాగితాలు సిద్ధం చేసి, ఆన్‌లైన్‌లో బిడ్డు దాఖలు చేయించడం మా పని. బిడ్డు మీద పడే డిజిటల్ సంతకం కాంట్రాక్టరుదే కాబట్టి ఆ సంతకం ఉండే టోకెన్ (పెన్‌డ్రైవు వంటి చిన్న యూఎస్‌బీ పరికరం) ఆయన జేబులోనే ఉంటుంది. గడువు రోజున ఆయనే వచ్చి పక్కన కూర్చుని, టోకెన్ గుచ్చి, పిన్ కొట్టి వెళతారు. ఇన్నేళ్లలో కరెంటు పోయి, నెట్ పోయి, పోర్టల్ నెమ్మదించి ఇబ్బంది పడిన రోజులు చాలానే ఉన్నాయి గానీ, బ్రౌజర్ వల్ల చెమటలు పట్టడం మాత్రం పోయిన మంగళవారమే మొదటిసారి.

ఆ రోజు గొల్లపూడి నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన సిమెంటు రోడ్డు పనికి బిడ్డు వేయవలసి ఉంది. గడువు మధ్యాహ్నం మూడు గంటలు. ఈఎండీ (బిడ్డుతో కట్టే ధరావతు) రసీదు, పాత పనుల అనుభవ పత్రాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు అన్నీ ఎక్కించి, ఒంటిగంటా ఇరవైకి సంతకం మీట నొక్కాము. తెర మధ్యలో చక్రం తిరగడం మొదలుపెట్టి, అలాగే తిరుగుతూ ఉండిపోయింది. తప్పు జరిగిందన్న సందేశం లేదు, పిన్ అడిగే పెట్టె రాలేదు. టోకెన్‌ను కంప్యూటర్ చదువుతున్నప్పుడు దాని కొనలో ఉండే చిన్న దీపం మిణుకుమిణుకుమనాలి. అది మాత్రం కదలకుండా నిలకడగా వెలుగుతోంది. కాంట్రాక్టరు గారు రెండు సార్లు, "ఏమండీ, నా టోకెన్ గాని పాడైందా?" అని అడిగారు. నాకూ మొదట ఆ అనుమానమే వచ్చింది.

టోకెన్‌ను వేరే యూఎస్‌బీ గూట్లో పెట్టి చూశాము. దాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవరు తీసేసి మళ్లీ ఎక్కించాము, సంతకం చేసే సాఫ్ట్‌వేరునూ అలాగే చేశాము. టోకెన్ అమ్మిన వారికి ఫోన్ చేస్తే వారు సర్టిఫికెట్టు గడువు చూసుకోమన్నారు. దానికి ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. ఇలా గంటకు పైగా గడిచాక, స్కానర్ బల్ల మీద ఉన్న పాత కంప్యూటర్‌లో ప్రయత్నించి చూద్దామని మా అబ్బాయి అన్నాడు. అదే బ్రౌజర్, అదే టోకెన్, అదే పోర్టల్. అక్కడ మొదటి నొక్కుడుకే దీపం మిణుకుమంది. రెండు గంటలా నలభై ఒక్క నిమిషాలకు బిడ్డు దాఖలైంది. పందొమ్మిది నిమిషాలు తేడా వచ్చి ఉంటే ఆయన నెల రోజుల పరుగు బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

సాయంత్రం తీరిగ్గా చూస్తే తేలిందేమంటే, నా బల్ల మీది కంప్యూటర్‌లో బ్రౌజర్ ముందు రోజు రాత్రి తనంతట తానే కొత్త వెర్షనుకు మారింది. పాతదానిలో ఇంకా మారలేదు. ఏం మార్చారో తెలుసుకుందామని "కొత్తగా వచ్చినవి" అన్న పేజీ తెరిచాను. ట్యాబులకు రంగులు వేసుకోవచ్చునట, పక్క పట్టీ అందంగా మారిందట. అన్నిటికంటే కింద ఒకే ఒక్క వాక్యం: పనితీరు మెరుగుపరిచాము, దోషాలు సవరించాము. ఆ సంస్థ సహాయ వేదికలో నా గోడు రాస్తే, మరునాడు వచ్చిన జవాబు కాష్ ఖాళీ చేయండి, కుకీలు తొలగించండి, ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించుకునే అదనపు హంగులు) ఆపి చూడండి అని. నేను రాసినది చదివి ఇచ్చిన జవాబు కాదని చూడగానే తెలుస్తోంది. దాని కింద "ఈ సమాధానం ఉపయోగపడిందా?" అని అడిగి, నేను "లేదు" అని నొక్కేలోపు ఆ చర్చకు తాళం వేశారు.

బ్రౌజర్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఈ చర్చ ఏ బ్రౌజర్ గొప్పదన్న వాదనలోకి జారిపోతుందని నా భయం. నాకు కావలసింది వేరు. అసలు ఏం జరిగిందో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పగలరా? ఇటువంటి మార్పు వస్తోందని మావంటి ముగ్గురు మనుషుల కార్యాలయానికి ముందే తెలిసే దారి ఏదైనా ఉందా? తప్పులు ఎవరైనా చేస్తారు, దానికి నాకు కోపం లేదు. మా ఇంటికి వచ్చి తాళం మార్చి, కొత్త తాళంచెవి ఇవ్వకుండా, గోడకు రంగు వేశామని మాత్రం చెప్పి వెళ్లినట్టు ఉంది, కోపమంతా అందుకు.

సర్వర్ గది (గుంటూరు)

నేను గుంటూరులో ఒక కళాశాలలో కంప్యూటర్ల నిర్వహణ చూస్తాను. మీరు టోకెన్ దీపం సంగతి రాయడం చాలా మేలు చేసింది. అది మిణుకుమనలేదంటే, సంతకం చేయమన్న అభ్యర్థన టోకెన్ దాకా రానేలేదన్నమాట. కాబట్టి టోకెన్, డ్రైవరు, సర్టిఫికెట్టు మూడూ నిర్దోషులు. అభ్యర్థన దారిలో ఎక్కడో ఆగిపోయింది.

ఆ దారి ఎలా ఉంటుందో చెబుతాను. పోర్టల్ ఎక్కడో దూరంగా సర్వర్ మీద ఉంటుంది; మీ టోకెన్ మీ బల్ల మీద ఉంటుంది. వెబ్ పేజీ నేరుగా యూఎస్‌బీ టోకెన్‌ను ముట్టుకోలేదు. అందుకని మీరు ఎక్కించుకున్న సంతకం సాఫ్ట్‌వేరు మీ కంప్యూటర్ లోపలే ఒక బుల్లి సర్వర్‌లా కూర్చుని, 127.0.0.1 అనే చిరునామాలో ఎదురుచూస్తూ ఉంటుంది. ఏ కంప్యూటర్‌కైనా ఆ అంకెలు తనను తాను పిలుచుకునే పేరు. పోర్టల్ పేజీ బ్రౌజర్ ద్వారా ఆ చిరునామాకు కబురు పంపితే, సాఫ్ట్‌వేరు టోకెన్‌ను అడిగి సంతకం తెచ్చి ఇస్తుంది. ఒకప్పుడు ఈ పనంతా బ్రౌజర్‌లోనే నడిచే జావా ఆప్లెట్లు అనే చిన్న ప్రోగ్రాములు చేసేవి. క్రోమ్ 2015 సెప్టెంబరులోనూ, ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలోనూ వాటిని నడిపే ప్లగిన్లకు తలుపులు మూసేశాక, ఈ లోకల్‌హోస్టు పద్ధతి, అంటే కంప్యూటర్ తనను తానే పిలుచుకునే పద్ధతి ఊపందుకుంది.

ఇప్పుడు ఈ దారికీ కాపలా పెట్టారు. క్రోమియం (క్రోమ్‌కు ఆధారమైన కోడు) పునాది మీద కట్టిన బ్రౌజర్లలో 2025 చివరి నెలల నుంచి, బయటి వెబ్‌సైటు ఏదైనా మీ కంప్యూటర్‌ను గాని, మీ ఇంటి నెట్‌వర్కులోని రౌటరు, ప్రింటరు వంటి వాటిని గాని పిలవాలంటే, బ్రౌజర్ ముందుగా మిమ్మల్ని అనుమతి అడుగుతుంది. దీనికి బలమైన కారణమే ఉంది. దొంగ వెబ్‌సైట్లు ఈ దారిలోనే ఇళ్లలోని రౌటర్ల అమరికలు మార్చే ప్రమాదం ఎప్పటి నుంచో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్ని పేరున్న యాప్‌లు ఇదే లోకల్‌హోస్టు సందులోంచి వాడుకరుల బ్రౌజింగ్ వివరాలు లాగుతున్న సంగతిని పరిశోధకులు 2025 జూన్‌లో బయటపెట్టారు కూడా.

కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. ఆ రోజు సంతకం మీట నొక్కినప్పుడు, లేదా అంతకు ముందు ఎప్పుడైనా ఆ పోర్టల్ తెరిచినప్పుడు, చిరునామా పట్టీ కింద ఎడమ పక్కన చిన్న పెట్టె ఏదైనా కనిపించిందా? దాన్ని ఎవరైనా మూసేశారా, లేక నిరాకరించారా? ఒకసారి నిరాకరిస్తే బ్రౌజర్ ఆ సమాధానాన్ని గుర్తుపెట్టుకుని, ఆ తరువాత అడగకుండానే ఆపేస్తుంది.

ఒకే కార్యాలయంలో ఒక కంప్యూటర్‌కు అప్‌డేటు వచ్చి మరొకదానికి రాకపోవడం వింతేమీ కాదు. కొత్త వెర్షనును ఒక్కసారిగా అందరికీ పంపరు. మొదట కొద్ది శాతం మందికి పంపి, గోల లేకపోతే మిగతావారికి విస్తరిస్తారు. ఇంకొక మెలిక కూడా ఉంది: వెర్షను అంకె మారకుండానే, సంస్థ తన సర్వర్ నుంచి లోపలి అమరికలను మార్చగలదు. 2019 నవంబరులో జరిగినది గుర్తున్నవారికి గుర్తే. కంప్యూటర్ వనరుల ఆదా కోసం ఉద్దేశించిన ఒక ప్రయోగాత్మక అమరికను గూగుల్ క్రోమ్‌లో అలా దూరం నుంచే ఆన్ చేస్తే, టెర్మినల్ సర్వర్ల (అనేక మంది ఉద్యోగులు కలిసి వాడే ఒకే పెద్ద కంప్యూటర్ల) మీద పనిచేసే సంస్థల్లో ఉద్యోగుల ట్యాబులన్నీ తెల్లబోయాయి. వాటిని చూసి నిర్వాహకులూ తెల్లబోయారు, ఎందుకంటే వారు ఏ అప్‌డేటూ వేయలేదు. ఆ తరువాత ఆ అమరికను వెనక్కు తీసుకున్నారు గానీ, మాకు చెప్పకుండా మా యంత్రాల మీద ప్రయోగాలేమిటని అప్పుడు వారు అడిగిన ప్రశ్న ఈరోజు మీరు అడుగుతున్న ప్రశ్నే.

మిర్చియార్డు లెక్కలు

మాది గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు. మా దగ్గర ఈ బాధ లేదు. రెండేళ్ల కిందటే మా కుర్రాడి చేత అన్ని కంప్యూటర్లలోనూ అప్‌డేట్లు ఆపించేశాను. సీజనులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్న వేళ, పక్కన రైతు నిలబడి తన పట్టీ (లెక్క చీటీ) కోసం చూస్తూ ఉండగా, "మళ్లీ మొదలుపెట్టాలి, కొంచెం ఆగండి" అని కంప్యూటర్ అంటే ఎవరు ఊరుకుంటారండీ? నడుస్తున్న బండిని ఆపి ఇంజను విప్పే పని నేను చేయనివ్వను. ఉచితంగా ఇచ్చే వస్తువు, ఇచ్చినవాడికి మన గోడు పట్టదు. మీరూ ఆపేయండి.

ఇంకొక మాట. గడువు రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎందుకు ఆగారు?

సర్వర్ గది (గుంటూరు)

లెక్కల వారు కోప్పడకూడదు గానీ, మీ సలహా పాటించవద్దని మిగతావారిని వేడుకుంటున్నాను. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు, దాన్ని అడ్డుకునే విండోస్ సవరణ అప్పటికే రెండు నెలల ముందు, మార్చిలో విడుదలై ఉంది. దాన్ని వేసుకోని యంత్రాలే బలయ్యాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికల్లో మనమంతా చదివాము. బ్రౌజర్ అంటే వీధిలోకి తెరుచుకునే తలుపు. రెండేళ్ల పాత తలుపుతో బ్యాంకు పనులు చేయడం ఎంత ప్రమాదమో మీ కుర్రాడిని కూడా ఒకసారి అడగండి.

ఆపడం, వదిలేయడం కాక మూడో దారి ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో 2012 నుంచి ఈఎస్‌ఆర్ అనే శాఖ ఉంది: దానిలో భద్రతా సవరణలు క్రమంగా వస్తూనే ఉంటాయి, రూపురేఖలు, లక్షణాలు మాత్రం దాదాపు ఏడాదికొకసారే మారతాయి. క్రోమ్ 2021 సెప్టెంబరులో, 94వ వెర్షనుతో, ఆరు వారాల విడుదల చక్రాన్ని నాలుగు వారాలకు కుదించినప్పుడు, సంస్థల కోసం ఎనిమిది వారాల శాఖను వేరుగా పెట్టింది. మా కళాశాలలో పరీక్షల విభాగం యంత్రాలన్నీ నిదానపు శాఖ మీదే ఉంచి, ప్రయోగశాలలో రెండింటిని మాత్రం బీటా శాఖ (అందరికీ విడుదల కాకముందే వచ్చే పరీక్షా వెర్షను) మీద వదిలాను. రాబోయే గొడవ ఏదైనా ఉంటే ముందు ఆ రెండింటిలో కనిపిస్తుంది; నాకు కొన్ని వారాల వ్యవధి దొరుకుతుంది.

గవర్నర్‌పేట బిడ్లు

సర్వర్ గది గారూ, మీరు అడిగిన పెట్టె సంగతి విచారించాను. విచారించాను అనే అంటున్నాను, ఎందుకంటే అబ్బాయి మొదట ఒప్పుకోలేదు.

ఆ రోజు పొద్దున పది గంటలకు నేను రాకముందే మా అబ్బాయి నా కంప్యూటర్‌లో పోర్టల్ తెరిచి లాగిన్ అయ్యాడు. అప్పుడు ఇంగ్లిషులో ఒక చిన్న పెట్టె వచ్చిందట. ఈ సైటు మీ లోకల్ నెట్‌వర్కులో ఉన్న పరికరాల కోసం వెతికి వాటికి కనెక్టు కావాలనుకుంటోంది, అనుమతిస్తారా, నిరాకరిస్తారా అని దాని సారాంశం. "ప్రభుత్వ పోర్టల్‌కు మన ఆఫీసులో పరికరాలు వెతికే పనేమిటి, ఇదేదో వైరస్ అయి ఉంటుంది" అనుకుని వాడు నిరాకరించాడు. తిట్టడానికి నోరు రాలేదు. తెలియని పెట్టె ఏది వచ్చినా ఒప్పుకోవద్దని పదేళ్లుగా వాడికి నేర్పింది నేనే.

చిరునామా పట్టీ ఎడమ కొనలో ఉన్న గుర్తు నొక్కి చూస్తే, ఆ సైటుకు ఇచ్చిన అనుమతుల వరుసలో ఇది నిరాకరణలో ఉంది. దాన్ని మార్చి పేజీ మళ్లీ తెరిచాము. కాంట్రాక్టర్ల టోకెన్లు మా దగ్గర ఉండవు కాబట్టి నా సొంత టోకెన్‌తో పరీక్షించాను. దీపం మిణుకుమంది, పిన్ అడిగింది. మీకు శతకోటి నమస్కారాలు.

అయితే రెండు సంగతులు నాకు మింగుడు పడలేదు. నేను అడిగింది నా కంప్యూటర్‌కు గుచ్చి ఉన్న టోకెన్ గురించి. బ్రౌజర్ అడిగింది నెట్‌వర్కులోని పరికరాల గురించి. ఈ రెండూ ఒకటేనని మీవంటి వారికి తప్ప ఎవరికి తెలుస్తుంది? రెండోది, మేము బిడ్లు వేసే పోర్టళ్లు రెండున్నాయి. ఒకదానిలో పై వైద్యం పనిచేసింది. రెండోదానిలో అనుమతి ఇచ్చి ఉన్నా చక్రం తిరుగుతూనే ఉంది.

లెక్కల గారూ, ఒంటిగంట దాకా ఆగడానికి కారణం, కాంట్రాక్టరు గారు ధర ఎంత వేయాలో చివరి ఘడియ దాకా తేల్చుకోకపోవడం. ముందే వేస్తే తన అంకె ఎక్కడ బయటికి పొక్కుతుందోనని వారి భయం. ఈ వ్యాపారంలో అందరూ అంతే.

పటమట ప్రోగ్రామర్

మీ రెండో పోర్టల్ విషయం నేను ఊహించగలను. వెబ్ అప్లికేషన్లు రాయడమే నా వృత్తి, ఇదే దెబ్బ మేమూ ఈ మధ్యే తిన్నాము. ఆ పోర్టల్‌లో సంతకం భాగం మరో డొమైను నుంచి వచ్చి, పేజీలో ఒక చట్రంలా, అంటే ఐఫ్రేములా కూర్చుని ఉండవచ్చు. అప్పుడు మీరు బయటి పేజీకి ఇచ్చిన అనుమతి లోపలి చట్రానికి దానంతట అది అందదు. దాన్ని లోపలికి అప్పగిస్తున్నానని బయటి పేజీ తన కోడులో రాయాలి. అది పోర్టల్ నిర్వాహకులు చేయవలసిన పని, చిన్న పనే. మీరు చేయగలిగింది వారికి ఈ మాట స్పష్టంగా రాసి పంపడం. బ్రౌజర్‌లో ఎఫ్12 మీట నొక్కితే తెరుచుకునే కన్సోల్‌లో ఆ క్షణాన ఎర్ర అక్షరాల్లో ఏదో ఒక వాక్యం పడుతుంది. దాన్ని తెరచిత్రం తీసి జత చేస్తే, అవతల చదివే ప్రోగ్రామర్‌కు అరగంట పని తగ్గుతుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ముందుగా చెప్పలేదన్నారు. నిజానికి చెప్పారు, కానీ మీకు చెప్పలేదు. ఇటువంటి మార్పులు డెవలపర్ల బ్లాగుల్లోనూ, పెద్ద సంస్థల ఐటీ నిర్వాహకుల కోసం రాసే విడుదల పత్రాల్లోనూ నెలల ముందే వస్తాయి. ఫలానా సైట్లకు ముందే అనుమతి ఇచ్చిపెట్టే విధాన అమరిక ఎక్కడుందో కూడా అక్కడే రాస్తారు. వాడుకరులకు చూపే "కొత్తగా వచ్చినవి" పేజీని మాత్రం వేరేవారు రాస్తారు. వారి దృష్టిలో అది సమాచార పత్రం కాదు, ప్రచార పత్రం. ఐటీ విభాగం ఉన్న సంస్థకు మొదటి పత్రం అందుతుంది. ఏమీ లేని ఇంటి వాడుకరికి టోకెన్లతో పని ఉండదు. మధ్యలో మీవంటి కార్యాలయాలు, ఆడిటర్లు, కమీషన్ కొట్లు ఉన్నాయి: పని సంస్థలదే, సమాచారం మాత్రం ఇంటి వాడుకరి స్థాయిది. అప్‌డేటు చేసేవారి లెక్కల్లో ఈ మధ్యవారు లేరు. ఇందులో దురుద్దేశం ఉందని నేను అనుకోను, కానీ నిర్లక్ష్యం ఉందంటే కాదనలేను.

చెప్పదలచుకుంటే ఎలా చెప్పవచ్చో తెలిపే ఉదాహరణ కూడా ఈ రంగంలోనే ఉంది. 2019 మే నెల మొదటి వారాంతంలో ఫైర్‌ఫాక్స్ వాడేవారి ఎక్స్‌టెన్షన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటి మీద సంతకాలను ధ్రువీకరించే గొలుసులో ఒక మధ్యంతర సర్టిఫికెట్టు గడువు తీరిపోవడం, దాన్ని ఎవరూ సకాలంలో మార్చకపోవడం కారణం. చాలా పెద్ద తప్పు అది. అయితే మొజిల్లా దాన్ని కప్పిపుచ్చలేదు. ఏ గంటకు ఏం చేశారో, ఏది పనిచేయలేదో వివరిస్తూ ఫైర్‌ఫాక్స్ సాంకేతిక విభాగం అధిపతే పెద్ద వ్యాసం రాశారు. సవరణ త్వరగా అందడానికి వాడుకరులు టెలిమెట్రీ (బ్రౌజర్ వాడకం వివరాలను సంస్థకు పంపే అమరిక) ఆన్ చేయవలసి వచ్చింది కాబట్టి, ఆ రోజుల్లో చేరిన ఆ సమాచారాన్ని తొలగిస్తామనీ ప్రకటించారు. ఆ వారాంతం నేను కూడా తిట్టుకున్నవాడినే. ఆ వ్యాసం చదివాక తిట్టడం మానేశాను.

ఫిర్యాదు విషయానికొస్తే, సహాయ వేదికలో రాయడం దండగ. అక్కడ జవాబిచ్చేవారు తరచుగా స్వచ్ఛంద కార్యకర్తలు, కోడు ముట్టుకునే అధికారం వారికి ఉండదు. దోషాలు నమోదు చేసే ట్రాకర్ వేరే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌కు బగ్‌జిల్లా, క్రోమియంకు దాని సొంత ఇష్యూ ట్రాకర్. అక్కడ కోపం పనికిరాదు, వివరం పనికొస్తుంది: పాత యంత్రంలోని పూర్తి వెర్షను అంకె, కొత్త యంత్రంలోని పూర్తి వెర్షను అంకె, విండోస్ వెర్షను, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, ఏం జరిగింది. ఒకే గదిలో ఒకటి పనిచేసి మరొకటి పనిచేయకపోవడం మీ చేతిలో ఉన్న గొప్ప సాక్ష్యం. దాన్ని మొదటి వాక్యంలోనే రాయండి. పందొమ్మిది నిమిషాల కథ రాయవద్దు. నాకు నచ్చింది గానీ వారు చదవరు.

అనువాదాల పంతులు

విజయవాడవాడినే. కొన్నేళ్లుగా స్వచ్ఛందంగా సాఫ్ట్‌వేర్ల తెలుగు అనువాదంలో పాలుపంచుకుంటున్నాను, అందుకని ఆ పెట్టెలోని వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. మీ అబ్బాయి బ్రౌజర్‌ను తెలుగులో పెట్టుకుని ఉన్నా ఇదే జరిగేదని నా అనుమానం. "లోకల్ నెట్‌వర్కు" అన్నదాన్ని మేము "స్థానిక నెట్‌వర్క్" అని రాస్తాము. మీ కార్యాలయంలో "స్థానిక" అన్న మాట వినిపిస్తే ఎవరికైనా పంచాయతీయో మునిసిపాలిటీయో గుర్తుకొస్తుంది గాని, బల్ల మీది టోకెన్ గుర్తుకొస్తుందా? స్థానిక సంస్థ వేసిన టెండరే కాబట్టి "అనుమతించు" అని నొక్కి ఉండేవాడేమో, అది వేరే అదృష్టం!

అనువాదకుల చేతికి వచ్చేది విడివిడి వాక్యాల జాబితా. ఆ వాక్యం తెర మీద ఎక్కడ, ఏ సందర్భంలో, ఎవరికి కనిపిస్తుందో చాలాసార్లు మాకు తెలియదు. వివరణ కోసం అక్కడే వ్యాఖ్య పెడితే, సమాధానం వచ్చేలోపు ఆ వెర్షను విడుదలై పోతుంది. విజయవాడలో టెండర్లు వేసే మనిషి దీన్ని చదువుతాడన్న ఊహ మూలవాక్యం రాసినవారికే లేనప్పుడు, అనువాదం ఎంత చక్కగా ఉన్నా ఆ లోటు తీరదు. "మీ కంప్యూటర్‌లోని సంతకం సాఫ్ట్‌వేరు వంటి వాటితో ఈ సైటు మాట్లాడాలనుకుంటోంది" అని రాసి ఉంటే మీ అబ్బాయి కనీసం మిమ్మల్ని పిలిచేవాడు.

మిర్చియార్డు లెక్కలు

పోలీసు కంప్యూటర్ల సంగతి చదివి మా కుర్రాడిని అడిగాను. వాడు నా మాట విని అప్‌డేట్లు ఆపినట్టు నటించాడే గాని, నిజానికి నాలుగు యంత్రాల్లో రెండింటిలో ఆపనే లేదట. అందువల్లే ఇన్నాళ్లూ బాగున్నామో ఏమో. ఆ ఈఎస్‌ఆర్ ఎలా దించుకోవాలో, పాత దానిలోని బుక్‌మార్కులు, పాస్‌వర్డులు దానికి ఎలా వస్తాయో కాస్త చెబుతారా?

సర్వర్ గది (గుంటూరు)

చెబుతాను, కానీ ముందు ఒక హెచ్చరిక. ఇప్పుడు వాడుతున్నది ఫైర్‌ఫాక్స్ అయితే, కొత్త వెర్షనుతో తెరిచిన ప్రొఫైలును (మీ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు దాచి ఉండే ఫోల్డరును) దానికంటే పాత వెర్షనుతో తెరవబోతే, 2019లో వచ్చిన 67వ వెర్షను నుంచి అది ఒప్పుకోదు; కొత్త ప్రొఫైలు తయారు చేసుకోమంటుంది. అది చూసి చాలామంది బుక్‌మార్కులన్నీ పోయాయని గుండెలు బాదుకుంటారు. అవి ఎక్కడికీ పోవు, పాత ప్రొఫైలులోనే ఉంటాయి. అయినా ముందుగా బుక్‌మార్కులను ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలుగానూ, పాస్‌వర్డులను వేరుగానూ ఎగుమతి చేసి పెన్‌డ్రైవులో పెట్టుకోండి, తరువాత కొత్తదానిలోకి దిగుమతి చేసుకోండి. పాస్‌వర్డుల ఫైలు తాళం లేని బీరువా వంటిది, ఎవరు తెరిచినా అన్నీ కనిపిస్తాయి. పని కాగానే చెరిపేయండి. ఆదివారం యార్డు సెలవు రోజున చేసుకుంటే మంచిది.

గవర్నర్‌పేట బిడ్లు

పటమట ప్రోగ్రామర్ గారు చెప్పినట్టే ట్రాకర్‌లో నమోదు చేశాను. రెండు యంత్రాల వెర్షను అంకెలు, కన్సోల్‌లో పడిన ఎర్ర వాక్యం, మూడు తెరచిత్రాలు జత చేశాను. పందొమ్మిది నిమిషాల కథ రాసి, మళ్లీ కొట్టేశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఇంతకు ముందే నమోదైన మరో ఫిర్యాదుకు ఇది నకలు అని తేల్చి, నాదాన్ని మూసి, అసలు దానికి లంకె ఇచ్చారు. అక్కడికి వెళ్లి చూస్తే నావంటి వారే వరుసగా ఉన్నారు. ఒకరు వైద్య పరికరాల వారు, ఒకరు తూకం యంత్రాల వారు, ఇంకొకరు దుకాణాల్లో బిల్లు ప్రింటర్లు అమర్చేవారు. అందరిదీ ఒకటే మాట: పెట్టెలోని వాక్యం అర్థం కాలేదు. పంతులు గారి వాక్యాన్ని ఇంగ్లిషులో రాయించి అక్కడ పెట్టాను. దాన్ని సమర్థిస్తూ ఇప్పటికి ఇద్దరు గుర్తు నొక్కారు. సంస్థ తరఫున ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

రెండో పోర్టల్ వారికి కూడా ఐఫ్రేము సంగతి వివరంగా రాశాను. అందింది అని ఒక సంఖ్య మాత్రం ఇచ్చారు. ఈ నెల 28న ఆ పోర్టల్‌లోనే కానూరు కాంట్రాక్టరు ఒకరికి కాలువ పని టెండరు ఉంది. అప్పటి దాకా స్కానర్ బల్ల మీది పాత యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి విడదీసి ఉంచుతున్నాను, దానికి కూడా అప్‌డేటు వచ్చేస్తుందేమోనని. సర్వర్ గది గారూ, బిడ్డు వేసే ఆ గంటసేపు దాన్ని కలిపితే, ఆ కాస్త వ్యవధిలోనే అది మారిపోతుందా?

సర్వర్ గది (గుంటూరు)

అది అప్‌డేటును దించుకోవచ్చు, కానీ బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరిచేదాకా కొత్త వెర్షను అమలులోకి రాదు. కాబట్టి కలిపిన తరువాత పని పూర్తయ్యేదాకా ఆ కిటికీ మూయకండి. అయితే ఇది 28వ తేదీ ఒక్క రోజుకే, అలవాటు చేసుకోవద్దు. ముందు రోజే మీ సొంత టోకెన్‌తో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి, ఏదైనా తేడా వస్తే ఇక్కడే రాయండి. ఆ సాయంత్రం నేను చూస్తూ ఉంటాను.